అడుగుపాలెం తొలి యుగళగీతం

జనవరి 9. లోతు 190 మీటర్లు.

నాలుగు నెలలు కూర్చుని కట్టిన బాణీ ఈ రోజు పదిహేను సెకన్లలో కూలిపోయింది.

పొద్దున అంతా మామూలుగానే మొదలైంది. గాలి శుభ్రం చేసే డబ్బాల్లో పొడి మార్చడం ఈ వారం నా వంతు. పన్నెండు డబ్బాలూ మార్చి, చేతులు కడుక్కుని, మైకులు బుట్టలో వేసుకుని నాచు ఆరబెట్టే గదికి పరుగెత్తాను. సముద్రం అడుగునున్న మా అడుగుపాలెం మొత్తంలో పంపుల రొద వినిపించని చోటు అదొక్కటే. అది కూడా నలభై నిమిషాలే ఇస్తారు.

పైడిరాజు, మాలక్ష్మి అప్పటికే వచ్చి ఉన్నారు. అతను పంపుల మెకానిక్కు, ఆమె నాచు తోటలో మేస్త్రీ. మొగుడూపెళ్లాలు. ఊళ్లో ఎవరి పుట్టినరోజైనా వీళ్లలో ఒకరు పాడాల్సిందే. ఫిరోజా తీస్తున్న బొమ్మల సినిమా "తాబేళ్ల పెళ్లి"లో డొప్పన్న అనే మగ తాబేలుకు అతను, చిప్పమ్మ అనే ఆడ తాబేలుకు ఆమె పాడుతున్నారు. విడివిడి పాటలు ఆరూ అయిపోయాయి. మిగిలింది ప్రేమపాట. అది లేకపోతే ఆ తాబేళ్లకు పెళ్లెందుకో చూసేవాళ్లకు అర్థం కాదు.

మాలక్ష్మి పల్లవి ఎత్తుకుంది. బాగుంది. పైడిరాజు అందుకున్నాడు. ఇంకా బాగుంది. ఇద్దరూ కలిసి పాడాల్సిన చోటు వచ్చింది. నా చెవిలో ఎవరో గిన్నెల బుట్ట తిరగేసినట్టయింది.

"ఏటక్కా, ఏటైంది?" అన్నాడు పైడిరాజు. వాళ్లకూ అలాగే వినిపించిందని వాళ్ల మొహాలే చెబుతున్నాయి.

తప్పు వాళ్లది కాదు, చెవిలో బిళ్లది. ఈ లోతులో మామూలు గాలి పీలిస్తే మత్తెక్కుతుంది కాబట్టి మేం పీల్చేది హీలియం కలిపిన గాలి. అందులో శృతి చెడదు కానీ మనిషి గొంతు కోడిపిల్ల గొంతైపోతుంది. మాట తెలియదు. అందుకే ఊళ్లో దిగిన రోజునే అందరి చెవుల్లోనూ ఒక బిళ్ల పెడతారు. అది ఎదుటివాళ్ల కీచుగొంతును మనిషి గొంతుగా మార్చి వినిపిస్తుంది. రికార్డింగు యంత్రంలోనూ అదే బిళ్ల. కాకపోతే అది ఒకసారికి ఒక గొంతునే సర్దగలదు. రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడితే ఏది ఎవరిదో దానికి తెలియదు.

ఇరవై ఏళ్ల ఊళ్లో ఒక్క యుగళగీతం కూడా ఎందుకు పుట్టలేదో ఈ రోజు తెలిసింది. ఇంతవరకూ ఎవరూ ప్రయత్నించలేదనుకున్నాను. ప్రయత్నించి సిగ్గుపడి ఊరుకున్నారన్నమాట!

ఊరి ఇరవయ్యో పుట్టినరోజు ఫిబ్రవరి పదిహేను. ఆ రోజే సినిమా వేస్తారు.

జనవరి 11. లోతు 190 మీటర్లు.

ఇద్దరితో విడివిడిగా పాడించి కలిపాను. రెండు రోజులు ఊపిరి సలపని పని. ఒక్కో మాటనూ దువ్వాను. ఫిరోజాకు వినిపించాను.

ఫిరోజా గుంటూరు పిల్ల. ముప్పై రెండేళ్లు. ముగ్గురు చిత్రకారుల్ని వెంటేసుకుని రెండేళ్లుగా తాబేళ్లు గీస్తోంది. పాట అయ్యేదాకా కదలకుండా వింది.

"అక్కా, శృతి బాగుంది. తాళం బాగుంది. కానీ వీళ్లిద్దరూ ప్రేమించుకోవట్లేదు. ఆధార్ కార్డు కోసం లైన్లో నిలబడ్డట్టున్నారు. ముందు ఆమె, వెనకాల ఆయన."

నాకు కోపం వచ్చింది. నిజమే చెప్పింది కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

ఆమె వెళ్లాక, కోపంలోనే, మొన్న చెడిపోయిన రికార్డింగును సర్దకుండా పెట్టుకుని విన్నాను. చెవి బిళ్ల తీసేసి, ఉత్త కీచుగొంతులే. నవ్వొచ్చేలా ఉన్నాయి. కానీ కలిసి పాడిన చోట అతను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆ ఖాళీలోకి ఆమె కావాలని ఒక గమకం జారవిడిచింది. అతను దాన్ని పట్టుకుని పైకి లేపాడు. నేను రాసింది కాదది. అక్కడికక్కడ పుట్టింది. బిళ్ల ఆ ఒక్క ముక్కనే చంపేసింది.

పాట వాళ్లదగ్గర ఉంది. చెడగొడుతున్నది ఈ గాలే. అయితే గాలి మారిస్తే?

లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను. పైకి వెళ్లే గది!

జనవరి 14. లోతు 190 మీటర్లు.

ఊరి నుంచి ఒడ్డుకు వెళ్లాలంటే ఒకటే దారి. ఇనప తాడు మీద వేలాడే చిన్న గది. గంటకు మీటరు చొప్పున ఎనిమిది రోజులు ఎక్కుతుంది. అంతకన్నా తొందరపడితే రక్తంలో బుడగలు పుట్టి మనిషి ప్రాణానికే ముప్పు. పోయేకొద్దీ గదిలో హీలియం వాటా తగ్గుతూ వస్తుంది. చివరి పది మీటర్లలో మొత్తం తీసేసి మామూలు గాలి నింపుతారు.

ఫిరోజాతో ఒకే వాక్యం చెప్పాను. "పల్లవి ఇక్కడ పాడిస్తాను, చివరి చరణం నీళ్ల పైన పాడిస్తాను, మధ్యలో గొంతులు వాటంతటవే మారతాయి."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ పట్టుకు వేళ్లు నొప్పెట్టాయి.

"తాబేళ్లు అడుగు నుంచి పైకి ఎక్కుతాయి అక్కా! పాట మొత్తం ఎక్కడమే! అడుగున వాటి గొంతు ఎవరికీ అర్థం కాదు. ఎక్కేకొద్దీ అర్థమవుతుంది. నీళ్లలోంచి తల బయటపెట్టేసరికి..." అని ఆగి, "మళ్లీ గీయాలి. మొత్తం. ఉన్నది నెలే. గీస్తా" అంటూనే వెళ్లిపోయింది. సాయంత్రానికి మాటలు కూడా మార్చి రాసి పంపింది.

ఊరి సంఘం ఇరవయ్యో తారీకు ప్రయాణంలో మూడు చోట్లు ఇచ్చింది. ఇద్దరు పాడేవాళ్లు, నేను. మాలక్ష్మి చిన్నపిల్లలా గంతులేసింది. పదమూడేళ్లయింది ఆమె ఎండ చూసి.

పైడిరాజు మాత్రం, "నాను రాను" అన్నాడు. అనేసి పంపుల గదిలోకి వెళ్లిపోయాడు.

వెనకాలే వెళ్లాను. చాలాసేపు ఒక మర బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు.

"అక్కా, బిళ్ల పెట్టిన రోజున ఒక జాబితా ఇస్తారు కదా, నీకే గొంతు కావాలీ అని. నాను పద్నాలుగో నంబరు తీసుకున్నాను. మంచి గొంతది. అందరి చెవుల్లోనూ నాది అదే. నా సొంత గొంతు నీకు తెల్దు. చిన్నప్పుడు బళ్లో ప్రార్థనకి నిలబడితే మేష్టారు నన్ను వెనక్కి పంపీసీవోరు. పెదాలు ఆడించరా, సప్పుడు సెయ్యకు అనీవోరు. అంత బొంగురు. ఇక్కడికొచ్చాకే నాను పాడ్డం."

"అయితే ఏమైంది?"

"మాలక్ష్మికి నచ్చినాది పద్నాలుగో నంబరక్కా."

వాళ్లకు పెళ్లయి పదకొండేళ్లు. పెళ్లి ఇక్కడే, ఈ ఊళ్లోనే.

జనవరి 17. లోతు 190 మీటర్లు.

మూడు రోజులు బతిమాలాను. పైడిరాజు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. గాలి మార్చేదాకా పాడతాడు. చివరి చరణం మాలక్ష్మి ఒక్కతే పాడాలి. అతను నోరు విప్పడు.

ఫిరోజాకు చెప్పాను. "అప్పుడది యుగళగీతం ఎలా అవుతుందక్కా? పైకొచ్చేసరికి డొప్పన్న మాయమైపోతాడా?"

"ఎక్కనివ్వు ముందు" అన్నాను. నా దగ్గర ఉపాయమేమీ లేదు. గది కదిలితే చాలనుకున్నాను, అంతే.

మాలక్ష్మి నా దగ్గరికి వచ్చింది. తడి చేతులతోనే తలుపు దగ్గర నిలబడి, "ఆయన దేనికో బెంగెట్టుకున్నాడు. నీకు సెప్పేడా?" అంది.

"చెప్పాడు. నేను చెప్పకూడదు."

"సరే. ఎనిమిది రోజులు ఒకే గదిలో ఉంటాం గదా. ఎక్కడికి పోతాడు?" అంది.

జనవరి 20. లోతు 190 మీటర్లు, పొద్దున. సాయంత్రానికి 181.

కదిలాం!

గది గుండ్రంగా, పొడుగ్గా, పాల ట్యాంకరు లోపల కూర్చున్నట్టుంది. మూడు పడకలు, ఒక బల్ల, అరచేయంత అద్దం కిటికీ. కింద ఊళ్లోంచి ఫిరోజా ఫోను తీగ మీద మాతోనే ఉంది, ఆమె గొంతును తీగ చివరి బిళ్ల సర్దుతుంది. గది కదిలే ముందే పల్లవి తీసుకున్నాను. ముగ్గురం బిళ్లలు తీసి డబ్బాలో పెట్టేశాం. మాట అర్థం కాకపోతే పలక మీద రాసుకోవడమే.

మాలక్ష్మి:
పైకి పోదామా, పైపైకి పోదామా
చీకటి చాలించి వెలుగింటికి పోదామా

పైడిరాజు:
తోడుంటే పోదాం, నీ తోడుంటే పోదాం
దారి తెలియకున్నా నీ అలికిడితో పోదాం

రెండు కోడిపిల్లలు. కానీ కలిసి పాడిన చోట ఒకదాన్ని ఒకటి తరుముకున్నాయి, తోసుకున్నాయి, ఒకదానికోసం ఒకటి ఆగాయి. మధ్యలో మాలక్ష్మికి నవ్వాగలేదు. ఆ నవ్వును కూడా ఉంచేశాను. తీగ మీద ఫిరోజా గట్టిగా చప్పట్లు కొట్టింది. అంత గట్టిగా కొడితే నా మీటరు ముల్లు ఎర్రగీత దాటుతుందని చెప్పినా వినలేదు.

జనవరి 23. లోతు 118 మీటర్లు.

పొద్దున లేచేసరికి పైడిరాజు కిటికీకి మొహం అంటించి ఉన్నాడు. నల్లగా ఉండాల్సిన చోట నలుపు కానిదేదో ఉంది. నీలం అనలేను. నీలానికి ముందుది. ముగ్గురం వంతులేసుకుని చూశాం.

మొదటి చరణం ఈ రోజే. గొంతుల్లోకి కొంచెం బరువు దిగింది. కోడిపిల్ల కాదిప్పుడు, ఆరేళ్ల పిల్లల్లా ఉన్నారు. మాటలు సగం తెలుస్తున్నాయి. మాలక్ష్మి తన గొంతు తానే విని బుగ్గలు పట్టుకుంది.

"ఓలమ్మో, ఇది నానేనా!"

చరణం నాలుగుసార్లు పాడించాను. మూడోది అద్భుతం. ఫిరోజా కింద అప్పటికప్పుడు గీసి పంపిన బొమ్మలు చిన్న తెర మీద చూశాం. చిప్పమ్మ ముందు ఈదుతోంది. డొప్పన్న వెనకాల. ఆమె వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా అతను అటు తిరిగిపోతున్నాడు. పాడేవాళ్లను చూసి గీసిందో, ఊహించి గీసిందో తెలియదు.

మాలక్ష్మి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

జనవరి 26. లోతు 46 మీటర్లు.

వెలుగు! కిటికీలోంచి పచ్చటి వెలుగు వచ్చి బల్ల మీద అరచేయంత మేర పడింది. మాలక్ష్మి అందులో చెయ్యి పెట్టి, అటూ ఇటూ తిప్పి, గాజులు చూసుకుంది.

రెండో చరణం పొద్దున్నే అయిపోయింది. ఇప్పుడు వాళ్లు పదిహేనేళ్ల వాళ్లలా వినిపిస్తున్నారు. ఆమె గొంతు తేటపడుతోంది. అతని గొంతులో కిందెక్కడో ఒక జీర మొదలైంది. నేను విన్నాను. అతనూ విన్నాడు. చరణం అయిన వెంటనే పలక అందుకున్నాడు. ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం కావాలంటే రాస్తున్నాడు. మంచినీళ్లు కావాలంటే రాస్తున్నాడు.

మధ్యాహ్నానికి మాలక్ష్మి ఓపిక అయిపోయింది.

"పదకొండేళ్లు కాపరం సేసిన మనిషి నాకు పలక మీద రాస్తాడేటి? ఏటైంది నీకు? రాస్తే మొత్తం రాయి. అక్క ఉంటే ఉంది. రాయి."

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగాను. చేతి మైకు ఆపడం మరిచిపోయాను కాబట్టి అంతా వినిపించింది. పలక మీద బలపం చాలాసేపు గీరింది. తర్వాత ఆగింది. ఆమె చదువుతోంది.

"పద్నాలుగో నంబరా?" అంది చివరికి.

అతను తలూపి ఉంటాడు.

"సూడు. మన పెళ్లికి ముందు ఆర్నెల్లు, నువ్వు ఈ ఊళ్లోకి వచ్చిన కాణ్ణుంచీ, నా బిళ్ల పాడైపోయున్నాది. సెప్తే రిపేరని పైకి పంపీసి, నా తోట పని ఇంకోలకి ఇచ్చేస్తారని సెప్పలేదు. పెదాలు సూసి మాట తెలుసుకునీదాన్ని. ఆర్నెల్లూ నాకు నువ్వు కోడిపిల్లవే. పంపు కాడ నిలబడి, నన్ను సేసుకుంటావా అని నువ్వడిగినపుడు కూడా కీచుకీచుమనే వినిపించినాది. నవ్వొచ్చినాది నాకు. అయినా ఊఁ అన్నాను. నీ పద్నాలుగో నంబరు నాను విన్నాది పెళ్లయిన నెలకి."

గోడవైపు తిరిగి ఉన్నదాన్ని, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

బలపం మళ్లీ గీరింది. ఆమె పైకి చదివింది. "అసలు గొంతు నచ్చకపోతే? అని రాసినావు. నచ్చుతాదో నేదో నాకేటి తెలుసు? అబద్ధం ఎందుకాడతాను? విననియ్యి ముందు."

అతను పలక తుడిచి బల్ల మీద బోర్లించాడు.

జనవరి 28. లోతు 2 మీటర్లు.

పొద్దున తొమ్మిదింటికి గాలి మార్చారు. చెవుల్లో సన్నగా హోరు, తర్వాత వెచ్చదనం. హీలియం ఒంట్లో వేడి లాగేస్తుంది. తొమ్మిదేళ్ల తర్వాత నా వేళ్లు చల్లగా లేవు. దుప్పటి తీసి అవతల పడేశాను.

"మైకు ఒకటి" అన్నాను పరీక్షకు. అన్నది నేనేనా అని చుట్టూ చూశాను. నా గొంతు అంత లావని మరిచిపోయాను!

మాలక్ష్మి నోటి మీద చెయ్యి పెట్టుకుని, తీసి, "అక్కా" అంది. తేనెలాగా ఉందనడం తేలిక, కానీ తేనె కాదు. కొత్త కుండలో నీళ్లు పోసినప్పటి చప్పుడు. "అక్కా, అక్కా, మాలక్ష్మి, నాచు, వంకాయ" అంటూ నోటికొచ్చిన మాటలన్నీ అంది. ఒక్కో మాటకీ నవ్వింది. పైడిరాజు ఆమెనే చూస్తున్నాడు. ఆమె గొంతు అతనూ మొదటిసారే వింటున్నాడు. అతని కళ్లు నిండుతున్నాయి. నోరు మాత్రం బిగించే ఉంచాడు.

ఉన్నది రెండు గంటలే. తర్వాత పడవ వచ్చి గదిని లేపుతుంది, ఆ ఇంజన్ల రొదలో ఇంకేమీ తీయలేను. మైకులు రెండు పెట్టాను. ఒకటి ఆమెకు, ఒకటి అతనికి. అతను దాన్ని చూసి నన్ను చూశాడు. నేను చూడనట్టు మీటర్లు సర్దుకున్నాను.

"ఫిరోజా, ఉన్నావా?"

"ఊపిరి బిగబట్టి ఉన్నానక్కా."

హెడ్‌ఫోన్లలో, ముందే వాయించి పెట్టుకున్న వీణ మొదలైంది. మాలక్ష్మి కళ్లు మూసుకుంది.

అలల కింద అన్న మాట అలల పైన చెప్పవా
నేననుకున్న నీవేనా, ఒక్కసారి చెప్పవా

ఆ తర్వాత అతని వరస. షరతు ప్రకారం అక్కడ వీణ ఒక్కటే పోవాలి. తాళం నాలుగు దెబ్బలు గడిచాయి. ఐదు. ఆరు. మాలక్ష్మి కళ్లు తెరవలేదు, చెయ్యి మాత్రం గాలిలో చాచింది. ఏడో దెబ్బకు అతను అందుకున్నాడు.

నీవనుకున్నవాణ్ణో కానో, నీ ముందున్నవాణ్ణి
ఇంత దూరమొచ్చాను, ఇక దాగలేనివాణ్ణి

తడి మోకును పడవ అంచు మీంచి లాగితే వచ్చే చప్పుడది. గరుకు. మధ్యలో చీలిక. శృతి మాత్రం వెంట్రుకంత కూడా కదల్లేదు. పద్నాలుగో నంబరు ఇన్నేళ్లూ ఈ గరుకునంతా నున్నగా చెక్కేసి మాకు ఇచ్చింది. మీటరు ముల్లు చూడాల్సినదాన్ని, అతన్ని చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు ఇద్దరూ కలవాలి. మాలక్ష్మి కలవలేదు. కళ్లు తెరిచి నోరు కొంచెం తెరుచుకుని అతన్నే చూస్తోంది. పాట ఆమె పక్కనుంచి వెళ్లిపోయింది. వీణ ఒక్కటే నడిచి ఆగిపోయింది.

పైడిరాజు తల దించుకున్నాడు. "సెప్పేను గదా" అన్నాడు నెమ్మదిగా. అది ఆ గొంతులో అతను ఆమెతో అన్న మొదటి మాట.

"ఏటి సెప్పేవు?" అంది ఆమె. లేచి వచ్చి అతని గడ్డం పట్టి పైకెత్తింది. "ఈ మనిషిని ఇన్నాళ్లూ ఎక్కడ దాచీసేవు? ఏదీ, ఇంకోపాలి మాట్లాడు. నా పేరు పిలు."

"మాలక్ష్మీ."

"మళ్లీ."

"మాలక్ష్మీ... ఏటే, అక్క సూస్తున్నాది."

"సూడనీ. మళ్లీ."

తీగ మీద ఫిరోజా ఏడుస్తోంది. ఏడుస్తూనే, "అక్కా, రికార్డవుతోందా? అవుతోందని చెప్పు" అంటోంది. అవుతోందన్నాను.

రెండో సారి పాడారు. ఈసారి ఎవరూ ఆగలేదు. కలిసే చోట ఆమె తేట గొంతు అతని గరుకు మీద కాలు మోపి పైకి ఎక్కింది.

నీళ్లకు పైకప్పు లేదు, మాటకు అడ్డు లేదు
రెండు గొంతులు కలిసిన చోట నీదీ నాదీ లేదు

అడుగుపాలెం వాళ్లిద్దరు తమ సొంత గొంతులతో ఒకేసారి పాడితే వినడం ఇదే మొదటిసారి. "ఓకే! ఇదే ఓకే!" అని అరిచాను. కింద ఊళ్లో, ఫిరోజా గదిలో, చిత్రకారులు ముగ్గురూ బల్లలు వాయించడం వినిపించింది.

పదకొండింటికి పడవ వచ్చింది. గది ఊగింది. తలుపు తిరిగి బయటికి తెరుచుకుంది. ఎండ, ఉప్పు వాసన, ఎక్కడో కొంగ అరుపు, అన్నీ ఒక్కసారే లోపలికి వచ్చాయి. పడవ అబ్బాయిలు చేతులు చాచి, "రండి రండి" అంటున్నారు. నేను మైకులు విప్పబోయాను.

పైడిరాజు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మొహమంతా ఎర్రబడి ఉంది.

"అక్కా, రొదకి పనికిరాదేమో తెల్దు. పనికిరాకపోయినా పర్లేదు. ఇంకోపాలి పాడతాం."

ఇంజన్లు ఆపమని పడవవాళ్లను అడిగాను. ఆపారు. మేం ముగ్గురం ఆ గదిలోంచి బయటికి రావడానికి ఇంకో గంట పట్టింది.